కోతికి కొబ్బరిచిప్ప ఎవరు చూపించారు?

‘కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్లు’ అని మనకో సామెత ఉంది. వస్తువు చేతికి చిక్కినా దాన్ని ఏం చేయాలో తెలియక అటూ ఇటూ తిప్పి చూసే వాళ్ళను ఎగతాళి చేయడానికి ఈ మాట వాడతాం. ఈ సామెత పుట్టిన రోజుల సంగతి ఎలా ఉన్నా, ఇవాళ ఏ గుడి మెట్ల దగ్గర నిలబడి చూసినా కనిపించేది వేరు. కోతి చిప్పను తిప్పి చూస్తూ కూర్చోదు. చిప్ప లాక్కుని, గోడెక్కి, పళ్ళతో కొబ్బరి గీకి తింటుంది. దాని పొట్టను కరుచుకుని ఉన్న పిల్ల, రాలిన ముక్కను ఏరుకుని నోట్లో పెట్టుకుంటుంది.

కొబ్బరి తినే వస్తువని ఆ తల్లికి ఎవరు చెప్పారు? పిల్లకు ఎవరు చెబుతున్నారు?

ఈ ప్రశ్నకు జవాబులన్నట్లుగా మూడు కథలు మన మధ్య తిరుగుతున్నాయి. ఒకటి బామ్మలు చెప్పేది. మిగతా రెండూ శాస్త్రం చొక్కా తొడుక్కుని వచ్చినవి. సిరిసిల్ల కాలేజీలోనైనా, సిరిసిల్ల వాళ్ళ బంధువులు మరమగ్గాల మీద పనిచేసే సూరత్‌లోనైనా ‘వ్యక్తిత్వ వికాసం’ పేరిట ఉపన్యాసం జరిగితే వాటిలో ఒకటి వినిపించడం మామూలే. ఈ మధ్య సెల్‌ఫోన్లలో కూడా వస్తున్నాయి. ఈ కథలు నిజమా కాదా అని విచారించడం ఒక పని. అవి నిజమని నమ్మితే మనకు జరిగే నష్టమేమిటో చూడడం రెండో పని. ఈ వ్యాసంలో రెండూ చేద్దాం.

మొదటిది టోపీల వర్తకుడి కథ. చెట్టు కింద వర్తకుడు నిద్రపోతే కోతులు టోపీలు ఎత్తుకెళ్ళి తలకు పెట్టుకున్నాయి. అతడు లేచి, విసుగొచ్చి తన టోపీ నేలకేసి కొడితే కోతులూ అలాగే కొట్టాయి. పిల్లల కథగా దీనికి వంక పెట్టనక్కర లేదు. కానీ ‘కోతి చూసిందల్లా చేస్తుంది’ అనే నమ్మకం మనలో పాతుకుపోవడానికి ఇది బాగా తోడ్పడింది. నిజానికి చూసిన పనిని చూసినట్లు చేయడంలో కోతులు చాలా వెనుకబడినవి. 1990 ప్రాంతంలో ఎలిసబెట్టా విసాల్‌బెర్గి, డొరొతీ ఫ్రాగజీ అనే పరిశోధకులు అప్పటివరకు జరిగిన ప్రయోగాలన్నిటినీ పరిశీలించి, కోతులు అనుకరిస్తాయనడానికి గట్టి ఆధారం లేదని తేల్చారు. చూసి ఉన్నదున్నట్లు చేయడంలో మనిషి పిల్లను మించిన జంతువు లేదు. ‘కోతి చేష్టలు’ అని మనం తిట్టేది నిజానికి మన చేష్టల్నే!

రెండో కథ ఐదు కోతులది. గదిలో ఐదు కోతులు, మధ్యలో నిచ్చెన, పైన అరటి గెల. ఒక కోతి ఎక్కబోతే మిగతా వాటి మీద చన్నీళ్ళు కొడతారు. కొన్నాళ్ళకు ఎవరు ఎక్కబోయినా మిగతావి పట్టుకుని తంతాయి. తర్వాత ఒక్కొక్క కోతిని తీసేసి కొత్తదాన్ని ప్రవేశపెడతారు. చివరికి నీళ్ళ సంగతి తెలిసిన కోతి ఒక్కటీ మిగలదు, అయినా తన్నడం మాత్రం మిగులుతుంది. ‘ఎందుకు అని అడగకుండా ఆచారాలు పాటించేవారు ఇలాంటివారే’ అని ఉపన్యాసకుడు ముగిస్తాడు. చప్పట్లు.

ఈ ప్రయోగం ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చేశారు? ఎవరూ చేయలేదు. 1994లో గారీ హేమెల్, సి.కె. ప్రహ్లాద్ రాసిన వ్యాపార నిర్వహణ గ్రంథంలో ఇలాంటి కథ ఆధారమేమీ చూపకుండా కనిపిస్తుంది. తర్వాత కొందరు దీనికి మూలంగా 1967లో అమెరికాలో జి.ఆర్. స్టీఫెన్సన్ రీసస్ కోతుల మీద చేసిన ఒక ప్రయోగాన్ని చూపడం మొదలుపెట్టారు. ఆ ప్రయోగంలో నిచ్చెన లేదు, అరటిపండు లేదు, చన్నీళ్ళు లేవు, ఐదు కోతులూ లేవు. ఒక వస్తువును ముట్టుకుంటే ముఖం మీదికి గాలి విసురుగా కొట్టేలా ఏర్పాటు చేసి, అలా భయపడిన కోతిని ఏమీ తెలియని మరో కోతితో జతగా ఉంచారు. ఒక మగ కోతి తన జతగాణ్ణి ఆ వస్తువు దగ్గర నుండి లాగేసింది కూడా. కానీ ఆడ జతలలో, మగ జతలలో ఫలితాలు ఒకేలా రాలేదు. ఒక కోతి భయం మరో కోతి ప్రవర్తనను మార్చగలదా అనేది అక్కడి ప్రశ్న. తన్నులాట కథ దాని పక్కన ఎక్కడా నిలబడదు. ప్రశ్నించకుండా దేన్నీ నమ్మవద్దని బోధించే ఈ కథను ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ప్రశ్నించకుండా ఒకరికొకరు చెప్పుకుంటూ వస్తున్నారు చూడండి!

మూడో కథ వీటన్నిటికంటే ఘరానా అయినది. దానికి పునాదిగా నిజమైన పరిశోధన ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చూడాలి.

జపాన్‌లోని క్యూషూ దక్షిణ తీరంలో, మియజాకి రాష్ట్రంలో కోషిమా అనే చిన్న దీవి ఉంది. క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన కింజి ఇమానిషి బృందం 1948 నుండి అక్కడి కోతులను గమనించసాగింది. 1952లో వాటిని చెట్ల నుండి బయటికి రప్పించడానికి ఇసుక తీరం మీద చిలగడదుంపలు వేయడం ప్రారంభించారు. ప్రతి కోతికీ ఒక పేరు పెట్టారు. ఎవరు ఎవరి బిడ్డో రాసుకున్నారు. ఈ పద్ధతిని అప్పటి పాశ్చాత్య శాస్త్రజ్ఞులు చాలామంది చిన్నచూపు చూశారు గానీ, తర్వాత ప్రపంచమంతా దాన్నే అనుసరించింది.

1953 సెప్టెంబరులో ఏడాదిన్నర వయసున్న ఒక ఆడపిల్ల కోతి ఇసుక అంటిన దుంపను వాగు దగ్గరకు తీసుకెళ్ళి నీళ్ళలో కడిగి తిన్నది. దాన్ని మొదట చూసింది సత్సుయే మితో అనే స్థానిక ఉపాధ్యాయురాలు. ఆ కోతికి ‘ఇమో’ అని పేరు. జపాను భాషలో దుంప అని అర్థం. కొన్ని నెలల్లో ఇమో ఆటల జతగాడు, ఆ తర్వాత ఇమో తల్లి కడగడం మొదలుపెట్టారు. 1965లో మసావో కవాయి ప్రచురించిన పరిశోధన పత్రంలో ఆ తర్వాతి లెక్కలున్నాయి. 1958 మార్చి నాటికి రెండు నుండి ఏడేళ్ళ వయసున్న 19 కోతులలో 15 దుంపలు కడుగుతున్నాయి. ఎనిమిదేళ్ళు దాటిన 11 పెద్ద కోతులలో మాత్రం రెండే కడిగేవి. ఆ రెండూ ఆడవే. పెద్ద మగ కోతులు పిల్లలున్న చోటికి దూరంగా తిరుగుతాయి కాబట్టి వాటికి ఈ విద్య అబ్బలేదు.

ఇప్పుడు కథలోకి వద్దాం. 1979లో లయల్ వాట్సన్ అనే రచయిత ‘లైఫ్‌టైడ్’ అనే పుస్తకంలో ఒక విచిత్రం రాశాడు. 1958లో ఒకనాడు దుంపలు కడిగే కోతుల సంఖ్య ఏదో ఒక గీత దాటిందట. తొంభైతొమ్మిది అనుకుందాం, దానికి ఇంకొక్క కోతి కలిసింది. అంతే! ఆ సాయంత్రానికి దీవిలోని కోతులన్నీ కడగసాగాయి. సముద్రం దాటి ఇతర దీవులలోని కోతులకూ, ప్రధాన భూభాగం మీద తకసకియమ కొండ కోతులకూ ఆ విద్య తనంతట తాను పాకిపోయింది. 1982లో కెన్ కీస్ దీని ఆధారంగా ‘నూరో కోతి’ అనే అర్థం వచ్చే పేరుతో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా చిన్న పుస్తకం రాశాడు. ‘మీరే ఆ నూరో వ్యక్తి కావచ్చు’ అన్నది అందులోని సందేశం. ఉద్దేశం మంచిదే.

మంచి ఉద్దేశానికి తప్పుడు సాక్ష్యం ఎందుకు? 1985లో రాన్ అముండ్‌సన్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు చేసింది చాలా సులభమైన పని. వాట్సన్ ఆధారాలుగా చూపిన పరిశోధన పత్రాలను తెచ్చుకుని చదివాడు. పైన చెప్పిన లెక్క మీరే మళ్ళీ చూడండి. 1958లో రెండేళ్ళు దాటిన కోతులు 19, 11 కలిపితే 30. కడిగేవి 17. నూరో కోతి ఎక్కడిది? 1962లో కూడా ఆ గుంపు అరవైకి మించలేదు. ఒక్క సాయంత్రంలో పాకిపోవడం కూడా ఆ పత్రాలలో లేదు. అందుకు విరుద్ధంగా ఏ కోతి ఏ సంవత్సరంలో నేర్చిందో పేరు పేరునా ఉంది. ఇతర చోట్ల కూడా కొన్ని కోతులు దుంపలు కడిగిన మాట నిజం. జపానులో మనుషులు తిండి పెట్టే గుంపులు ఇంకా ఉన్నాయి. అక్కడ కూడా ఇసుక, నీళ్ళు, తెలివైన పిల్ల కోతులు ఉన్నాయి. దానికి మంత్రం అక్కర లేదు. విమర్శ వచ్చాక వాట్సన్ కూడా నూరో కోతి తన కల్పన అనీ, దాని ఆధారం చాలా పలుచనిదనీ ఒప్పుకున్నాడు. అయినా ఆ కోతి ఇంకా ఉపన్యాసాలలో బతికే ఉంది.

ఇక్కడితో ఆపితే విమర్శ సగమే అవుతుంది. అసలు పరిశోధనను కూడా అదే కంటితో చూడాలి కదా. 1992లో కెనడాకు చెందిన బెనెట్ గేలెఫ్ ఆ పని చేశాడు. ఒక్కొక్క కోతి నేర్చుకోవడానికి సగటున రెండేళ్ళ దాకా పట్టిందంటే, అది చూసి నేర్వడం ఎలా అవుతుంది అని అతని మొదటి ప్రశ్న. చూసి నేర్చేదే అయితే కడిగేవాళ్ళు పెరిగిన కొద్దీ మిగతావి మరింత త్వరగా నేర్వాలి, అలా జరగలేదు అన్నది రెండోది. తిండి వేసే మనుషులు కడిగే కోతులకే ఎక్కువగా వేసి ఉండవచ్చు అన్నది మూడోది. దీనికి తోడు, ఎవరూ చూపించకపోయినా ఇసుక అంటిన తిండిని కడగడం కొన్ని కోతులు సొంతంగా కనిపెడతాయని విసాల్‌బెర్గి, ఫ్రాగజీ ప్రయోగం చేసి చూపారు.

గేలెఫ్ ప్రశ్నలు న్యాయమైనవే. కానీ అతని తీర్పును పూర్తిగా అంగీకరించడం కష్టం. నేర్చుకున్న వరుసను చూడండి. మొదట జతగాడు, తర్వాత తల్లి, తర్వాత తోబుట్టువులు, చెలిమి గల పిల్లలు. ఎవరికి వారు వేరువేరుగా కనిపెట్టి ఉంటే ఈ వరుస ఎందుకు రావాలి? పైగా 1958 తర్వాత దారి మారింది. అంతవరకు పిల్లల నుండి తల్లులకు పోయిన విద్య, ఆ తర్వాత తల్లుల నుండి పుట్టిన పిల్లలకు సాగింది. తల్లి దుంప పట్టుకుని నీటి అంచుకు పోతుంది. పొట్టకు కరుచుకున్న పిల్ల వద్దన్నా నీటి అంచుకు చేరుతుంది. నీళ్ళలో తేలే దుంప ముక్కలు ఏరుకుని తింటుంది. దానికి దుంప అంటే నీళ్ళు, నీళ్ళంటే దుంప. చెయ్యి తిరగడం మాత్రం తనంతట తానే నేర్చుకోవాలి, అందుకే అంత కాలం పడుతుంది. సహవాసం కోతిని సరైన చోటికి, సరైన వస్తువు దగ్గరకు చేరుస్తుంది. మిగతాది దాని సొంత కష్టం. బొమ్మ చూసి బొమ్మ గీసినట్లు కాదు, వంటింట్లో అమ్మ కొంగు పట్టుకుని తిరిగిన పిల్లకు పోపు వాసన తెలిసినట్లు.

తినే వస్తువేది, కానిదేది అన్న విషయంలో ఈ సహవాసం ఎంత బలమైనదో 2013లో వెలువడిన ఒక ప్రయోగం చూపింది. ఎరికా వాన్ డి వాల్, ఆండ్రూ వైటెన్ తదితరులు దక్షిణాఫ్రికాలో అడవిలో ఉండే వర్వెట్ కోతుల నాలుగు గుంపులకు రెండు పెట్టెలలో మొక్కజొన్న గింజలు పెట్టారు. ఒక పెట్టెలోవి గులాబి రంగు, రెండో పెట్టెలోవి నీలం. (అద్దకాల ఊరైన సూరత్ పిల్లలకు ఈ ఉపాయం నచ్చి తీరాలి.) రెండు గుంపులకు ఒక రంగు గింజలను, మిగతా రెండు గుంపులకు రెండో రంగు గింజలను కలబంద రసంతో చేదు చేశారు. కోతులు చేదు రంగును మానేశాయి. కొన్ని నెలల తర్వాత చేదు లేని గింజలనే రెండు రంగులలోనూ పెట్టారు. ఈలోగా పుట్టిన పిల్లలు చేదును ఎన్నడూ రుచి చూడలేదు. అయినా 27 పిల్లలలో 26 తమ తల్లి తినే రంగునే తిన్నాయి. ఇక యవ్వనంలో గుంపు మారిన మగ కోతులు ఉన్నాయి. నీలం తినే గుంపు నుండి గులాబి తినే గుంపుకు వచ్చినది, తన అనుభవాన్ని పక్కన పెట్టి కొత్తవాళ్ళ రంగుకు మారింది. అలా వచ్చిన పదింటిలో ఒక్కటే మారలేదు. అది కొత్త గుంపుకు నాయకుడైన కోతి!

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. సూరత్ పక్కగా పారే తపతి నది పడమట అరేబియా సముద్రంలో కలుస్తుంది. తూర్పున గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది. జంతుశాస్త్ర గ్రంథాలు చాలాకాలం ఈ రెండు నదులనూ కలిపి ఒక గీత గీశాయి. గీతకు ఉత్తరాన రీసస్ కోతి, దక్షిణాన బానెట్ కోతి. రీసస్‌కు తోక పొట్టి, పిరుదుల వైపు ఎరుపు చాయ. బానెట్‌కు తోక పొడుగు, నడినెత్తిన వెంట్రుకలు టోపీలా విచ్చుకుని ఉంటాయి. బానెట్ అంటే టోపీయే, వర్తకుడి అవసరం లేకుండానే పెట్టుకున్నది. 1981లో ఫూడెన్, మహాబల్, సాహా ఈ సరిహద్దును మరింత వివరంగా గుర్తించారు. 2011లో బెంగళూరుకు చెందిన కుమార్, సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా మళ్ళీ చూసేసరికి రీసస్ కోతులు ఆ గీత దాటి దక్షిణానికి చాలా దూరం వచ్చేశాయి. ఇంత దూరం రావడంలో మనుషులు పట్టి తెచ్చి వదలడానికీ పాత్ర ఉంది.

సూరత్‌లో లింబాయత్ వైపు వేలాది తెలుగు నేత కుటుంబాలున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతున్నది. ఆ పిల్లల తాతల ఊళ్ళు చాలావరకు తెలంగాణలో ఉన్నాయి. అంటే వాళ్ళు గీతకు ఒక చివర చదువుకుంటూ, సెలవులకు మరో చివరకు వస్తారు. వచ్చినప్పుడు వాళ్ళు చూసేదేమిటి? పెంకుల మీద కోతులు, వంటింట్లో కోతులు, మొక్కజొన్న చేలో కోతులు. కోతుల బాధ పడలేక మొక్కజొన్న, వేరుశనగ, కూరగాయలు వేయడం మానుకున్న రైతులు ఎందరో ఉన్నారు. మూడు కథల చర్చ కేవలం కబుర్లు కాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

2015లో తెలంగాణ ప్రభుత్వం హరితహారం ప్రారంభించినప్పుడు, అడవిలో చెట్లు పెరిగితే కోతులు తిరిగి వెళ్ళిపోతాయన్న మాట బాగా ప్రచారమైంది. తర్వాత ‘మంకీ ఫుడ్ కోర్టులు’ అనే పేరుతో కోతుల కోసం పండ్ల చెట్లు కూడా నాటారు. 2020లో నిర్మల్ దగ్గర కోతులకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేసే కేంద్రం తెరిచారు. అడవి తగ్గినందువల్లే కోతులు ఊళ్ళ మీద పడ్డాయన్న వాదంలో సగం నిజముంది. ఆ సగాన్ని తక్కువ చేయనక్కర లేదు. కానీ ఈ ఆలోచనలన్నిటి వెనుక కోతి అంటే ఒక కడుపు మాత్రమే అన్న భావన కనిపిస్తుంది. పండు ఎక్కడ పెడితే అక్కడికి పోతుందని. కోషిమా, దక్షిణాఫ్రికా కోతులు మనకు చెప్పేది అది కాదు. ఏది తిండి, అది ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుంది అన్నది కోతి పిల్ల తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుంది. రీసస్, బానెట్ జాతుల ఆడ కోతులు పుట్టిన గుంపులోనే జీవితమంతా గడుపుతాయి, మగవి వలసపోతాయి. కాబట్టి గుంపు తెలివి అమ్మమ్మ, తల్లి, కూతురు వరుసలో నిలిచి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో బతికిన గుంపులో, అడవి పండ్ల రుతువులు తెలిసిన అమ్మమ్మ ఎవరైనా మిగిలి ఉందా? నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అంతలో రెండు మూడు తరాల కోతి పిల్లలు జొన్న కంకినీ, బియ్యం డబ్బా మూతనూ చదువుకుని పెద్దవవుతాయి.

ఒక ఊరి గుంపును పట్టి దూరపు అడవిలో వదిలితే జరిగేదీ ఇలాంటిదే. తల్లులతో పాటు వాటి చదువు కూడా ఆ బండిలోనే పోతుంది. అడవి అంచున మరో ఊరు కనబడగానే ఆ చదువు అక్కరకొస్తుంది. శస్త్రచికిత్స తలల లెక్క తగ్గిస్తుంది. తలలలో ఉన్నదాన్ని తగ్గించలేదు. అది పనికిరాదని కాదు, దాని పని అంతవరకేనని.

మనుషుల దగ్గర నేర్చుకునే చదువు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. కర్ణాటకలోని బండీపూర్‌లో బానెట్ కోతులు మనుషుల చేతిలో తిండి కనబడితే వారివైపు తిరిగి ‘కూ’ అని పిలుస్తూ చెయ్యి చాచి అడగడాన్ని అద్వైత్ దేశ్‌పాండే, శ్రీజాత గుప్తా, అనింద్య సిన్హా 2018లో వివరించారు. ఎదుటి మనిషి తమవైపు చూస్తున్నాడా లేదా అని కూడా ఆ కోతులు గమనించుకుంటాయి. ఇచ్చినవాడు పుణ్యం వచ్చిందనుకుని కారెక్కి వెళ్ళిపోతాడు. పక్కన కూర్చున్న పిల్ల అక్కడే ఉండిపోతుంది.

ఈ వేసవికి ఊరు వెళ్ళే పాఠకులు ఒక చిన్న పని చేయవచ్చు. కాస్త దూరంలో, నీడన కూర్చుని పిల్లతో ఉన్న ఒక్క తల్లి కోతిని ఎంచుకోండి. అరగంట సేపు అది ఏం తిన్నదో, పిల్ల ఎన్నిసార్లు తల్లి మూతి వాసన చూసిందో, తల్లి జారవిడిచిన ముక్కలలో ఎన్ని ఏరుకున్నదో, పక్కనున్న ఇంకెవరి దగ్గర ముక్కలు తీసుకున్నదో గీతలు గీసి లెక్కపెట్టండి. తోక పొడుగో పొట్టో కూడా రాసుకోండి. కోతులకు దగ్గరగా పోవద్దు, చేతిలో అరటిపండు గానీ బిస్కట్ పొట్లం గానీ పెట్టుకోవద్దు. పెట్టుకున్నారంటే మీ పుస్తకంలో మీ పేరు కూడా రాసుకోవలసి వస్తుంది, నేర్పిన వారి వరుసలో.